తాళం పట్టిన తరంగం

పోయిన ఏడాది మా అమ్మకు నడుము నొప్పి ఎక్కువైతే డాక్టరు ఎంఆర్ఐ తీయించమన్నారు. సన్నటి గొట్టంలో అరగంట కదలకుండా పడుకొని వచ్చింది. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ నన్నొక మాట అడిగింది. "నన్ను ఏదీ తాకలేదు గదరా. సూది గుచ్చలేదు, వెలుగు పడలేదు. మరి లోపలిది దానికెట్లా కనబడింది?"

ముప్పై ఏళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. "రేడియో తరంగాలమ్మా" అన్నాను. "రేడియోలో పాట వస్తది గానీ బొమ్మెట్లా వస్తది?" అంది. ఆసుపత్రి వరండాలో నిలబడి నేను చెప్పిన జవాబు ఆమెకు తృప్తినివ్వలేదు, నాకూ ఇవ్వలేదు. ఆ జవాబునే ఇవాళ నిదానంగా చెప్పుకుందామని మీ ముందుకు వచ్చాను. అది రేడియోలో చెప్పగలగడం నాకు మరీ సంతోషం.

మన ఎఫ్ఎం స్టేషన్లు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య పలుకుతాయి. మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు పది లక్షల ఊపులు. ఆసుపత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా ఎంఆర్ఐ యంత్రం పంపే తరంగం దాదాపు 64 మెగాహెర్ట్జ్. 3 టెస్లా యంత్రానిది దాదాపు 128. టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలానికి కొలత. ఒకటి ఎఫ్ఎం పట్టీకి కాస్త కింద, మరొకటి కాస్త పైన. నా గొంతును మీ ఇంటికి మోసుకొస్తున్న తరంగానికి అవి సొంత తోబుట్టువులు. ఎంఆర్ఐ గది గోడలకు లోపలివైపు రాగి రేకు తొడుగుతారు, తలుపు మూస్తే దాని అంచులు కూడా రాగికి రాగి ఆనేటట్టు బిగుస్తాయి. బయటి స్టేషన్ల తరంగాలు లోపలికి వచ్చి, రోగి ఒంటి నుంచి వెలువడే అతి సన్నటి రేడియో సంకేతాన్ని ముంచెయ్యకూడదని ఆ ఏర్పాటు. మీరు విన్నది నిజమే. ఆ గదిలో మనిషి ఒళ్లే ఒక రేడియో స్టేషన్ అవుతుంది.

మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. నీటి అణువులో రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక్కో హైడ్రోజన్ కేంద్రకంలో ఒక్కటే ప్రోటాన్. ప్రోటాన్‌కు బరువు ఉన్నట్టే, విద్యుదావేశం ఉన్నట్టే, స్పిన్ అనే గుణం కూడా పుట్టుకతోనే ఉంది. ఆ స్పిన్ వల్ల ప్రతి ప్రోటాన్ ఒక చిట్టి అయస్కాంతం. అది నిజంగా చక్రంలా గిరగిర తిరుగుతోందని ఊహించుకోకండి. తిరగడం వల్ల రావలసిన లక్షణాలన్నీ దానికి తిరగకుండానే ఉన్నాయి. పైగా ఒక విచిత్రం. అయస్కాంత క్షేత్రంలో పెట్టి "నువ్వు ఎటు ఉన్నావు?" అని కొలిస్తే రెండే జవాబులు వస్తాయి. క్షేత్రం వెంబడి, లేదా క్షేత్రానికి ఎదురుగా. మధ్యలో మరో జవాబు లేదు.

ఈ రెండే జవాబుల సంగతిని 1922లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒట్టో స్టెర్న్, వాల్టర్ గెర్లాక్ వెండి పరమాణువులతో చూశారు. కొలిమిలో కాచిన వెండి ఆవిరిని సన్నటి ధారగా అయస్కాంతం గుండా పంపితే అది గాజు పలక మీద ఒక మచ్చగా పరుచుకోకుండా రెండు పాయలుగా చీలింది. మొదట పలక మీద ఏమీ కనిపించలేదట. స్టెర్న్ దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకొని చూస్తుంటే వెండి గీతలు మెల్లగా నల్లబడి బయటపడ్డాయట. ఆయన కాల్చే చవక చుట్టల పొగలోని గంధకం ఊపిరితో తగిలి వెండిని నల్లబరిచిందని తరవాత ఆయనే చెప్పుకున్నారు. అప్పటికి స్పిన్ అన్న మాటే పుట్టలేదు. అది 1925లో వచ్చింది.

చూడటం వేరు, మన మాట వినేటట్టు చేసుకోవడం వేరు. ఆ రెండో పని చేసినవాడు ఇసిడోర్ రాబి. 1898లో అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలోని గలీషియాలో పుట్టి, పసివాడుగా అమెరికా చేరి, న్యూయార్క్‌లో పేద యూదుల వాడల్లో పెరిగాడు. బడి నుంచి రాగానే మిగతా తల్లులు "ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని అడిగితే, వాళ్లమ్మ మాత్రం "ఇవాళ మంచి ప్రశ్న ఏదైనా అడిగావా?" అనేదని ఆయన పెద్దయ్యాక చెప్పేవాడు. మా అమ్మ ప్రశ్న విన్నప్పుడు నాకు ఆ తల్లి గుర్తొచ్చింది. రాబి హాంబర్గ్ వెళ్లి స్టెర్న్ దగ్గరే పని నేర్చుకున్నాడు. తిరిగొచ్చి కొలంబియా విశ్వవిద్యాలయంలో సొంత ప్రయోగశాల పెట్టుకున్నాడు.

ఆయన ముందున్న చిక్కు ఇది. వాలిన బొంగరం కింద పడకుండా తల తిప్పుకుంటూ తిరుగుతుంది చూశారా, అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్ కూడా ఆ క్షేత్రం చుట్టూ అట్లాగే తల తిప్పుతుంది. ఆ వేగం క్షేత్రం బలాన్ని బట్టి ఉంటుంది. ఒక టెస్లాకు సెకనుకు 4 కోట్ల 25 లక్షల పైచిలుకు చుట్లు. ప్రోటాన్ ఎంత వాలి ఉన్నా ఆ వేగం మారదు. ఇంత పెద్ద క్షేత్రం పట్టులో ఉన్న ప్రోటాన్‌ను తలకిందులు చేయాలంటే ఎంత బలం కావాలి? అంతకంటే పెద్ద అయస్కాంతం పక్కనుంచి పెట్టాలనిపిస్తుంది. అక్కర్లేదు. దాని సంగతి చెప్పడానికి మిమ్మల్ని కాసేపు తిరునాళ్లకు తీసుకెళ్తాను.

రంగులరాట్నం తిరుగుతోంది. కొయ్య గుర్రం మీద మీ మనవరాలు కూర్చుంది. ఆమె చేతికి గాజులు తొడగాలి. మీరు కింద నిలబడి చెయ్యి చాపితే ఆమె రెప్పపాటు మీ ముందుకొచ్చి వెళ్లిపోతుంది. ఎంత బలవంతులైనా మీవల్ల కాదు. అదే మీరు కూడా రాట్నం ఎక్కారనుకోండి. ఊరు తిరుగుతున్నట్టుంటుంది, గుడి గోపురం తిరుగుతున్నట్టుంటుంది, ఆ పిల్ల మాత్రం మీ ఎదురుగా నిలకడగా కూర్చుని ఉంటుంది. తాపీగా గాజు తొడగొచ్చు.

పక్కనుంచి పెట్టిన చిన్న క్షేత్రం కదలకుండా ఉంటే దాని పని వృథా. ప్రోటాన్ ఒక అర చుట్టులో అది నెట్టింది మరో అర చుట్టులో చెరిగిపోతుంది. అదే చిన్న క్షేత్రం ప్రోటాన్ తిరిగే వేగంతోనే దానితోపాటు తిరిగితే? అప్పుడు ప్రోటాన్ దృష్టిలో అది నిలకడగా ఉన్న క్షేత్రం. ఇంకా విశేషం, పెద్ద క్షేత్రం లెక్కలోంచి మాయమవుతుంది. అది చేసే పని ప్రోటాన్‌ను తిప్పడమే కదా, ఆ తిరుగుడులో మనమూ కలిసిపోయాం. ఇక అక్కడ మిగిలింది చిన్న క్షేత్రం ఒక్కటే. ఎదురు చెప్పేవారు లేరు. ప్రోటాన్ మెల్లగా దాని చుట్టూ ఒరుగుతుంది. నిటారుగా ఉన్నది పక్కకు వాలుతుంది, ఇంకా కొనసాగిస్తే తలకిందులవుతుంది, ఇంకా కొనసాగిస్తే మళ్లీ నిటారుగా లేస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని రాబి డోలనం అంటారు.

తిరిగే క్షేత్రాన్ని ఎట్లా తయారు చేస్తారు? అయస్కాంతాన్ని సెకనుకు కోట్ల సార్లు ఏ మోటారూ తిప్పలేదు. తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు పంపితే క్షేత్రం ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది. అటువంటి ఊపును ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు క్షేత్రాల కలయికగా చూడొచ్చు. ఒకటి ప్రోటాన్‌తో కలిసి తిరుగుతుంది. రెండోది ఎదురు తిరిగి పోతుంది, దాని ప్రభావం దాదాపు లేనట్టే. ఊగే క్షేత్రంతోనే పని జరిగిపోతుంది.

అంకెలు చెబితేనే దీని అందం తెలుస్తుంది. పెద్ద క్షేత్రం 1.5 టెస్లా. రేడియో తరంగం ఇచ్చే చిన్న క్షేత్రాన్ని 10 మైక్రోటెస్లాలు అనుకుందాం. అంటే పెద్దదానిలో లక్షన్నరో వంతు. మన నేల మీద దిక్సూచి ముల్లును తిప్పే భూ అయస్కాంత క్షేత్రంలో అది దాదాపు నాలుగో వంతు. అంత బలహీనమైనది ప్రోటాన్‌ను పూర్తిగా పక్కకు వాల్చడానికి తీసుకునే సమయం సెకనులో వెయ్యో వంతుకు సగం కంటే కాస్త ఎక్కువ. ఆ కొద్ది సమయంలోనే ప్రోటాన్ పెద్ద క్షేత్రం చుట్టూ 37 వేల సార్లకు పైగా తిరిగి ఉంటుంది. ప్రతి చుట్టులోనూ చిన్న క్షేత్రం తాళం తప్పకుండా దాని పక్కనే ఉంది. 37 వేల చుట్లలో, ఒక్కో చుట్టుకు కంటికి ఆనని వాలు. తాళం కాస్త తప్పితే, అంటే తరంగం పౌనఃపున్యం కొన్ని వేల హెర్ట్జ్‌లు తేడా పడితే, ప్రోటాన్ ఉన్నచోటనే ఉంటుంది. పాతకాలం రేడియోలో ముల్లు వెంట్రుకవాసి జరిగితే స్టేషన్ పోయేది గుర్తుందా? అదీ ఇదీ ఒకటే ధర్మం. మన పాఠ్యపుస్తకాల్లో దాని పేరు అనునాదం.

రాబి బృందం దీన్ని 1938 జనవరిలో లిథియం క్లోరైడ్ అణువుల ధార మీద చేసి చూసింది. శూన్యం చేసిన పొడవాటి గొట్టంలో మూడు అయస్కాంతాలు. మొదటిది ధారను వంచుతుంది, చివరిది ఆ వంపును సరిచేసి గురి మీదికి తెస్తుంది. మధ్యలో నిలకడైన క్షేత్రం, దానిలో ఊగే చిన్న క్షేత్రం. తరంగం పౌనఃపున్యాన్ని అలాగే ఉంచి మధ్య అయస్కాంతం బలాన్ని కొద్దికొద్దిగా మార్చుకుంటూ పోయారు. ఒకచోట గురికి చేరే అణువులు హఠాత్తుగా తగ్గిపోయాయి. మధ్యలో కేంద్రకాల స్పిన్‌లు తిరగబడ్డాయి, చివరి అయస్కాంతం వాటిని సరైన దారిలో పెట్టలేకపోయింది. కేంద్రకం పలికే శ్రుతిని మనిషి మొదటిసారి పట్టుకున్నది అక్కడ. 1944లో రాబికి నోబెల్ వచ్చింది.

శూన్యంలో ఎగిరే అణువులు సరే, చేతికి తగిలే వస్తువులో ఇది జరుగుతుందా? యుద్ధకాలమంతా రాడార్ మీద పనిచేసిన ఎడ్వర్డ్ పర్సెల్, హెన్రీ టోరీ, రాబర్ట్ పౌండ్ 1945 డిసెంబరులో హార్వర్డ్‌లో ఒక పాత అయస్కాంతాన్ని అడిగి తెచ్చుకొని, కిరాణా కొట్లో దొరికే పారఫిన్ మైనాన్ని డబ్బాలో నింపి, 30 మెగాహెర్ట్జ్ తరంగం పంపారు. మైనంలోని ప్రోటాన్లు జవాబిచ్చాయి. కొద్ది వారాల తేడాతో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్ బృందం నీటితో అదే సాధించింది. 1952లో పర్సెల్, బ్లాక్ నోబెల్ పంచుకున్నారు. నోబెల్ ప్రసంగంలో పర్సెల్ చెప్పిన ముచ్చట నాకు చాలా ఇష్టం. ఆ చలికాలం తన గడప ముందు పడిన మంచు తనకు కొత్తగా కనిపించిందట. భూమి అయస్కాంత క్షేత్రంలో చప్పుడు చేయకుండా తల తిప్పుకుంటున్న ప్రోటాన్ల కుప్పలుగా కనిపించిందట.

బ్లాక్ ప్రయోగశాలలో అప్పుడొక భారతీయుడు ఉన్నారు. ఎస్.ఎస్. ధర్మట్టి. 1951లో ఆయన, ఆర్నాల్డ్, ప్యాకార్డ్ కలిసి మామూలు ఆల్కహాల్‌ను ఇదే పద్ధతిలో పరీక్షించి ఒక శిఖరం బదులు మూడు శిఖరాలు చూశారు. ఆల్కహాల్ అణువులో హైడ్రోజన్లు మూడు రకాల చోట్ల ఉంటాయి. ఇరుగుపొరుగు పరమాణువుల వల్ల ఒక్కో చోటి ప్రోటాన్ కొద్దిగా వేరే శ్రుతిలో పలుకుతుంది. అణువు ఆకారాన్ని దాని శ్రుతుల్ని బట్టి చెప్పవచ్చని తేలింది. ఇవాళ ప్రతి మందుల కంపెనీలోనూ రసాయన శాస్త్రజ్ఞుడు ఎన్ఎంఆర్, అంటే కేంద్రక అయస్కాంత అనునాదం, యంత్రం ముందు కూర్చుని చేసే పని అదే. ధర్మట్టి ముంబయి వచ్చి టాటా పరిశోధన సంస్థలో ఈ విద్యకు పాదు వేశారు. ఇప్పుడు హైదరాబాదు గోపన్‌పల్లిలోని ఆ సంస్థ కేంద్రంలోనూ ఎన్ఎంఆర్ పరిశోధన సాగుతోంది.

ఇక ఈ మొత్తం కథలో నన్ను ఎప్పుడూ కదిలించే ఘట్టం ఒకటుంది. 1949. ఇలినాయ్ విశ్వవిద్యాలయం. ఎర్విన్ హాన్ అనే యువకుడు. యుద్ధంలో నావికాదళంలో రాడార్, సోనార్ పాఠాలు చెప్పి వచ్చినవాడు. తరంగాన్ని ఎడతెగకుండా కాకుండా చిన్న చిన్న పల్సులుగా, అంటే ఒక్కో చరుపుగా ఇచ్చి చూస్తున్నాడు. ఒక చరుపు ఇస్తే ప్రోటాన్లన్నీ పక్కకు వాలి, ఒక్కటిగా తిరుగుతూ, పక్కనున్న తీగచుట్టలో సంకేతాన్ని పుట్టిస్తాయి. అది కొద్దిసేపటికే చచ్చిపోతుంది. అయస్కాంత క్షేత్రం అన్నిచోట్లా సరిసమానంగా ఉండదు కనుక కొన్ని ప్రోటాన్లు కాస్త వేగంగా, కొన్ని కాస్త నెమ్మదిగా తిరిగి ఒకదానితో ఒకటి తాళం తప్పుతాయి. రెండో చరుపు ఇస్తే మళ్లీ కాస్త సంకేతం, అదీ చచ్చిపోయింది. ఆ తరవాత ఎవరూ ఏమీ ఇవ్వకుండానే తెర మీద మూడో సంకేతం లేచింది. యంత్రం చెడిందేమోనని ఆయన మొదట పక్కన పెట్టేశాడు. కానీ అది మళ్లీ మళ్లీ వచ్చింది. మొదటి చరుపుకూ రెండోదానికీ మధ్య ఎంత ఎడముందో, రెండోదాని తరవాత సరిగ్గా అంతే ఎడంలో వచ్చింది.

బడి మైదానంలో పరుగు పందెం ఊహించుకోండి. ఈల వేయగానే పిల్లలంతా ఒకే గీత మీద నుంచి బయలుదేరారు. నిమిషం గడిచేసరికి చెల్లాచెదరయ్యారు, చురుకైనవాడు ముందు, బొద్దుగా ఉన్నవాడు వెనక. అప్పుడు మాస్టారు మళ్లీ ఈల వేసి "వెనక్కి తిరగండి!" అన్నారు. ఎవరి వేగంతో వాళ్లు వెనక్కి పరుగెత్తితే సరిగ్గా మరో నిమిషానికి అందరూ ఒకేసారి గీత మీదికి చేరతారు. ఎక్కువ దూరం పోయినవాడు వేగస్థుడే కదా. రెండో చరుపు చేసే పని అదే. చెదిరిపోయిందనుకున్నది చెదరలేదు, ఎక్కడికీ పోకుండా లోపలే దాగి ఉంది. దీనికి హాన్ స్పిన్ ప్రతిధ్వని అని పేరు పెట్టాడు, 1950లో ప్రకటించాడు. రెండో చరుపును సరిగ్గా తలకిందులు చేసేంత కొలతలో ఇచ్చే పద్ధతిని 1954లో కార్, పర్సెల్ చక్కదిద్దారు.

అయితే ఒకటుంది. పరుగులో పిల్లలు ఒకరినొకరు తోసుకుంటే, దారిలో మనసు మార్చుకుంటే, ఏ ఈలా వాళ్లను గీత మీదికి తేలేదు. ప్రోటాన్లు కూడా పక్కవాటి తాకిడికి ఇలా యాదృచ్ఛికంగా తాళం తప్పుతాయి. ఆ నష్టం తిరిగి రాదు. అది ఎంత త్వరగా జరుగుతుందో చెప్పే కాలాన్నే టీ2 అంటారు. మీ ఇంట్లో ఎంఆర్ఐ రిపోర్టు ఉంటే తీసి చూడండి, టీ2 అన్న మాట తప్పక కనిపిస్తుంది. స్వేచ్ఛగా కదిలే నీటిలో అది ఎక్కువ, బిగుతైన కణజాలంలో తక్కువ. ఎక్కువైతే బొమ్మలో తెల్లగా, తక్కువైతే నల్లగా. మా అమ్మ వెన్నుపూసల మధ్య డిస్కుల్లో మూడు తెల్లగా, కిందిది నల్లగా ఉంది. దానిలో నీరు ఇంకిపోయింది. ఆమె నొప్పి అక్కడ.

బొమ్మ ఎట్లా వస్తుందని ఆమె అడిగింది కదా. పాల్ లాటర్‌బర్ 1973లో చూపించిన దారి ఇది. తల నుంచి కాళ్ల దాకా క్షేత్రాన్ని కావాలనే కొద్దికొద్దిగా పెంచుతూ పోతే, ఒక్కో చోటి ప్రోటాన్ ఒక్కో శ్రుతిలో పలుకుతుంది. శ్రుతిని బట్టి చోటు తెలుస్తుంది. ఆ చిన్న మార్పులు తెచ్చే తీగచుట్టల్లో విద్యుత్తు అటూ ఇటూ మారినప్పుడల్లా అవి అదురుతాయి. గొట్టంలో సుత్తితో బాదినట్టు వినిపించే మోత అదే. రేడియో తరంగానికి చప్పుడు లేదు. పైగా ఈ సంకేతమంతా ఎంత తక్కువమంది ఇచ్చేదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. శరీర ఉష్ణోగ్రత దగ్గర 1.5 టెస్లాలో, ప్రతి పది లక్షల ప్రోటాన్లలో క్షేత్రం వెంబడి నిలబడ్డ మిగులు దాదాపు ఐదు మాత్రమే. మిగిలినవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒంట్లో ప్రోటాన్లు లెక్కకు అందనన్ని ఉన్నాయి కాబట్టి ఆ ఐదే చాలు.

రాబి తన చివరి రోజుల్లో ఇలాంటి యంత్రంలో పడుకున్నాడు. లోపలి నునుపైన గోడ మీద తన ముఖం తనకే కనిపించిందని, తన పని ఇక్కడి దాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదని చెప్పాడు. 1988 జనవరిలో కన్నుమూశాడు.

రాబి పని ఎంఆర్ఐతో ఆగలేదు. ఈ మధ్య అమరావతి క్వాంటం వ్యాలీ పేరు పత్రికల్లో చదువుతున్నారు. అక్కడ 156 క్యూబిట్ల ఐబీఎం యంత్రాన్ని నెలకొల్పుతామని 2025లో ప్రకటించారు. ఆ క్వాంటం కంప్యూటర్ లెక్కలకు మూలమైన క్యూబిట్ ప్రోటాన్ కాదు, అతిశీతలంలో ఉంచిన అతివాహక వలయం. అయినా రెండే స్థితులున్న ఏ వ్యవస్థ అయినా స్పిన్ లాగే నడుచుకుంటుందని ఫైన్‌మన్, వెర్నన్, హెల్వార్త్ 1957లో చూపారు. కాబట్టి ఆ క్యూబిట్‌తో మాట్లాడేదీ ఊగే తరంగంతోనే. సెకనుకు కొన్ని వందల కోట్ల ఊపుల మైక్రోవేవ్ పల్సు, సెకనులో కోటో వంతు కంటే తక్కువ నిడివి. ఎంతసేపు ఇస్తే ఎంత వాలుతుంది అన్న రాబి లెక్కే అక్కడి ప్రతి గణనకూ మొదటి అక్షరం. క్యూబిట్లు తాళం తప్పకుండా కాపాడే ఉపాయాల్లో హాన్ ప్రతిధ్వని ఇప్పటికీ ముందుంటుంది. అక్కడికి పని నేర్చుకోవడానికి వెళ్లే మన పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, కంప్యూటర్ భాషలతో పాటు ఈ పల్సుల సంగతీ చేతులతో చేసి నేర్చుకోమని నా కోరిక. బడ్జెట్ ఉన్న ప్రతి డిగ్రీ కాలేజీలోనూ చిన్న ఎన్ఎంఆర్ పరికరం ఒకటి ఉండాలని నేను ఏళ్లుగా అడుగుతున్నాను, ఇంకా అడుగుతాను.

అమ్మకు ఇదంతా మొన్న మళ్లీ చెప్పాను. అంతా విని, "అయితే ఆ ప్రోటాన్లు పలికేది మనకు వినపడదా?" అంది.

వినపడుతుంది. ఎంఆర్ఐలో కాదు, అక్కడి శ్రుతి చెవికి అందదు. కానీ భూమి క్షేత్రం ఎంత బలహీనమంటే, దానిలో ప్రోటాన్ సెకనుకు దాదాపు 1,800 సార్లు మాత్రమే తిరుగుతుంది. అది మన చెవి వినగలిగే శ్రుతి. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల భూ అయస్కాంతాన్ని కొలవడానికి వాడే పరికరాల్లో ఒకటి ఇదే సూత్రం మీద నడుస్తుంది. ఒక సీసాలో నీళ్లో కిరోసినో పోసి, చుట్టూ తీగ చుట్టి, కొద్ది సెకన్లు విద్యుత్తు పంపి ఠక్కున ఆపేస్తారు. ఒకవైపుకు తిరిగి ఉన్న ప్రోటాన్లు, ఆ పట్టు వదలగానే, భూమి క్షేత్రం చుట్టూ ఒక్క తాళంలో తిరగడం మొదలుపెడతాయి. అదే తీగచుట్టను ఆంప్లిఫయర్‌కూ స్పీకరుకూ కలిపితే సన్నటి ఈల వినిపిస్తుంది. రెండు మూడు సెకన్లు. క్రమంగా పలచబడి, ఆగిపోతుంది. మళ్లీ విద్యుత్తు పంపి ఆపితే, మళ్లీ పలుకుతుంది.